పశువుల పాఠానికి పైకం ఎవరిది?

గన్నవరం పశువైద్య కళాశాల హాస్టల్లో పరీక్షల ముందు రాత్రి ఏ గది తలుపు తట్టినా ఎవరో ఒకరి ఫోన్లో అవే పాఠాలు కనబడతాయి. పారాసైటాలజీ కావచ్చు, సర్జరీ కావచ్చు, మేత పోషకాల లెక్కలు కావచ్చు. పిల్లలు వాటిని ‘తనువాస్ నోట్సు’ అంటారు. తనువాస్ అంటే చెన్నైలోని తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం. కృష్ణా జిల్లా కుర్రాడు పక్క రాష్ట్రం మాస్టారు రాసిన పాఠం చదువుకుని, మన తిరుపతి విశ్వవిద్యాలయం పెట్టే పరీక్ష రాసి పాసవుతున్నాడు. ఇందులో తప్పేమీ లేదు. పొట్ట కోసిన తరవాత గేదె అక్కడైనా ఇక్కడైనా ఒకటే.

ఆ నోట్సు మొదటి పేజీలో ఎక్కడో ఐసీఏఆర్ అనీ, ఎన్ఏఐపీ అనీ కొన్ని అక్షరాలుంటాయి. వాటిని ఎవరూ చదవరు. గుడి మెట్ల మీద చెక్కిన దాతల పేర్లను తొక్కుకుంటూ దర్శనానికి పోయినట్టే, పిల్లలు వాటిని దాటుకుని పాఠంలోకి పోతారు. ఈ వ్యాసం మాత్రం ఆ మెట్టు దగ్గరే ఆగుతుంది. ఆ పాఠానికి డబ్బు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఎన్నాళ్లు పెట్టారు?

అదే జిల్లాకు అవతలి కొస, దివిసీమలో, పాలకాయతిప్ప. కోడూరు మండలంలో హంసలదీవి దాటాక కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట ఉంటుంది. వలలు, పడవలు, మడ అడవి, కరకట్ట, వెనక వరిపొలాలు. సాగరసంగమం చూడ్డానికి కార్లు వేసుకుని వచ్చేవాళ్లకు బీచే కనిపిస్తుంది గాని, కట్ట వెంబడి మేసే గేదెలు కనబడవు. దివిసీమ వాళ్లకు దాత పేరు అడగడం పుట్టుకతో వచ్చిన అలవాటు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన ఈ నేల మీద నుంచి పోయినప్పుడు, చచ్చిపోయిన మనుషుల సంఖ్య సర్కారు లెక్కల్లోనే పదివేల దాకా పోయింది. పశువులైతే లక్షల్లో పోయాయి. పాడి పోయినవాడికి మళ్లీ గొడ్డును కొనిచ్చింది ఎవరు, ఇల్లు కట్టించింది ఎవరు అన్నది ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ పేరుపేరునా చెబుతారు. దివిసీమ నాయకుడు మండలి వెంకటకృష్ణారావుగారి పేరు ఆ మాటల్లో తప్పకుండా వస్తుంది. సాయం వచ్చిన కాలనీ ఏదో, కాగితాల్లో వచ్చి నేల మీదకు రానిది ఏదో కూడా వాళ్లకు గుర్తే. చదువు విషయంలో మాత్రం ఆ ప్రశ్న మనం వెయ్యం.

వేస్తే కథ చాలా వెనక్కి పోతుంది. 1903లో మద్రాసులో పశువైద్య కళాశాల మొదలయ్యాక కోస్తా కుర్రాళ్లు పశువుల డాక్టరు కావాలంటే అక్కడికే రైలెక్కాలి. నిజాం రాజ్యంలో 1946లో హైదరాబాదు కళాశాల వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1955లో తిరుపతి కళాశాల. గోడలు, జీతాలు సర్కారువి. గోడల లోపల ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదాంట్లోకి మాత్రం త్వరలోనే ఎక్కడో ఉన్న కాన్సాస్ వచ్చి చేరింది. అమెరికా ప్రభుత్వ సాయంతో అక్కడి కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ 1956 నుంచి 1972 దాకా మన రాష్ట్రంలోని వ్యవసాయ, పశువైద్య విద్యకు తోడుగా నిలిచింది. వాళ్ల ప్రొఫెసర్లు ఇక్కడికి వచ్చారు, మన అధ్యాపకులు అక్కడికి వెళ్లి పైచదువులు చదువుకొచ్చారు. 1964లో రాజేంద్రనగర్లో పుట్టిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ అమెరికా నమూనాలో కట్టిందే: బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే కప్పు కింద. సెమిస్టరు, క్రెడిటు, గ్రేడు పాయింటు అన్న మాటలు మిగతా డిగ్రీ కాలేజీల కంటే ముందే వ్యవసాయ కాలేజీ పిల్లల నోట పలికాయంటే కారణం అదే. డబ్బు ఇచ్చినవాడు పద్ధతి కూడా ఇచ్చిపోయాడు. ఆ పద్ధతిలో మంచే ఎక్కువని నా అభిప్రాయం. దానికి ప్రచ్ఛన్న యుద్ధం నాటి స్నేహ రాజకీయం కూడా ఒక కారణమని గుర్తు పెట్టుకోవడం వల్ల నష్టం లేదు.

పాడి సంగతీ అంతే. విజయవాడలో పాల పొడి ఫ్యాక్టరీకి 1960ల చివర్లో యునిసెఫ్ సాయం అందింది. 1970లో మొదలైన పాడి అభివృద్ధి పథకం ఆపరేషన్ ఫ్లడ్ మొదటి దశకు మూలధనం ఇంకా విచిత్రమైనది. ఐరోపా దేశాల దగ్గర అమ్ముడుపోక పేరుకుపోయిన పాలపొడి లక్షా ఇరవై ఆరు వేల టన్నులు, వెన్ననూనె నలభై రెండు వేల టన్నులు ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా మనకు ఉచితంగా వచ్చాయి. వాటిని ఊరికే పంచేసి ఉంటే మన పల్లెల్లో పాల ధర కుప్పకూలేది. ఆ పథకాన్ని నడిపిన కురియన్ వాటిని పాలుగా మార్చి నగరాల్లో అమ్మించి, ఆ రొక్కంతో పాల సంఘాలు, చిల్లింగ్ సెంటర్లు, గొడ్లకు వైద్యం ఏర్పాటు చేయించాడు. దానం తీసుకుని దాన్ని పెట్టుబడిగా మార్చుకోవడం ఎలాగో నేర్చుకోవాలంటే ఇంతకు మించిన ఉదాహరణ లేదు. దేశం మొత్తం మీద పశువుల మహమ్మారి రిండర్‌పెస్ట్‌ను తుడిచిపెట్టడానికి 1992లో మొదలైన జాతీయ పథకంలోనూ ఐరోపా డబ్బు ఉంది. ఇప్పుడు ఆ జబ్బు ప్రపంచంలోనే లేదు. 2011లో లేదని ప్రకటించారు. ఆ పేరు ఈనాటి విద్యార్థికి పుస్తకంలోనే తెలుసు.

ఆ తరవాత వరస ప్రపంచ బ్యాంకుది. 1995లో ఆ బ్యాంకు అప్పుతో వ్యవసాయ మానవ వనరుల అభివృద్ధి పథకం ఒకటి వచ్చింది. దేశమంతా కాదు, మూడే రాష్ట్రాలు: హర్యానా, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్. ప్రయోగశాలలు, గ్రంథాలయాలు, కంప్యూటర్లు, అధ్యాపకులకు శిక్షణ అన్నీ ఆ పద్దు కిందకు వచ్చాయి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల 1998లో మొదలైంది, అంటే ఆ పథకం నడుస్తున్న రోజుల్లోనే. 2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం విడిగా ఏర్పడ్డాక గన్నవరం దాని కిందకు వచ్చింది. కళాశాలలు పెరిగాయి, సీట్లు పెరిగాయి. అధ్యాపకులు ఆ వేగంతో పెరగలేదు. ఒక శాఖలో ఉండాల్సినంత మంది లేనప్పుడు ఉన్నవాళ్లే రెండు మూడు సబ్జెక్టులు మోయాలి. పాఠాన్ని ఒకచోట బాగా రాసి అందరికీ పంచుదామన్న ఆలోచన ఎక్కడో ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఈ కొరతే దానికి తల్లి.

2006లో భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐసీఏఆర్, మొదలుపెట్టిన జాతీయ వ్యవసాయ ఆవిష్కరణల పథకం, అదే ఎన్ఏఐపీ, మొత్తం ఇరవై అయిదు కోట్ల డాలర్లది. ఇరవై కోట్లు ప్రపంచ బ్యాంకు అప్పు, అయిదు కోట్లు భారత ప్రభుత్వానివి. అప్పు అంటే అప్పే. బ్యాంకులో పేదదేశాల కోసం ఉన్న విభాగం నుంచి వచ్చింది కాబట్టి భారం తక్కువ, గడువు ఎక్కువ. కట్టేది మాత్రం మనమే. ఆ నోట్సు మొదటి పేజీలోని అక్షరాల వెనక దాత ఎవరని అడిగితే, చివరికి పాలకాయతిప్పలో సెల్లు రీచార్జి మీద పన్ను కట్టే మనిషి కూడా ఒక దాతే అవుతాడు.

ఆ పథకంలో ఎక్కువ భాగం పొలాలకు, మార్కెట్లకు, ప్రయోగశాలలకు పోయింది. ఒక చిన్న పాయ మాత్రం డిగ్రీ పాఠాలను కంప్యూటర్లోకి ఎక్కించే పనికి మళ్లింది. వ్యవసాయం, ఉద్యానం, గృహవిజ్ఞానం, మత్స్య, పాడి సాంకేతికత, వ్యవసాయ ఇంజినీరింగ్, పశువైద్యం — ఇలా ఏడు చదువులు. ఒక్కో చదువుకు ఒక విశ్వవిద్యాలయం పెద్దన్న. పశువైద్యానికి తనువాస్ పెద్దన్నగా కూర్చుంది. మద్రాసు కళాశాలకు నూరేళ్ల అనుభవం, ఒక్కో శాఖలో దండిగా అధ్యాపకులు ఉన్నారు కాబట్టి ఆ ఎంపికలో వింతేమీ లేదు. 1903లో మన కుర్రాళ్లను రైలెక్కించుకున్న ఊరే, వందేళ్లు దాటాక పాఠాన్ని వాళ్ల గదికి పంపింది.

పని జరిగిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. భారత పశువైద్య మండలి పెట్టిన సిలబస్ ప్రకారం ఒక్కో కోర్సును పాఠాలుగా కోశారు. ఆ సబ్జెక్టు చెప్పే మాస్టారే పాఠం రాయాలి. మరొకరు దిద్దాలి. శవపరీక్ష గదిలో తీసిన ఫోటోలు, కండరాల బొమ్మలు, కదిలే చిత్రాలు, చివర్లో ప్రశ్నలు చేర్చాలి. అన్నింటినీ మూడిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అమర్చాలి. దానికి లైసెన్సు రుసుము ఉండదు, ఎవరైనా వాడుకోవచ్చు. డబ్బు సాఫ్ట్‌వేర్‌కు పోకుండా మనుషులకు పోయిందంటే ఈ ఒక్క నిర్ణయమే కారణం. పథకం డబ్బుతో తాత్కాలికంగా కుర్రాళ్లను పెట్టుకున్నారు, కంప్యూటర్లు, కెమెరాలు కొన్నారు. ఆ రోజుల్లో కాలేజీ హాస్టళ్లలో ఇంటర్నెట్టు సంగతి తెలిసిందే. అందుకే సీడీల్లోకి కూడా ఎక్కించి పంచారు. ఢిల్లీలోని వ్యవసాయ గణాంకాల పరిశోధన సంస్థ సర్వర్లలోనూ పెట్టారు.

ఇందులో పైకి కనబడని ఖర్చు ఒకటుంది, అది ఏ పద్దులోనూ రాదు. ప్రొఫెసరు రాసిన పాఠానికి గంటల లెక్కన డబ్బు లేదు. పదోన్నతి ఇంటర్వ్యూలో పరిశోధన పత్రానికి ఉన్న విలువ పాఠానికి ఉండదు. పగలు క్లాసు, క్లినిక్కు, ప్రయోగశాల అయ్యాక, రాత్రి ఇంట్లో కూర్చుని పేగుల్లో పురుగుల గురించి పేజీలు పేజీలు రాసినవాళ్ల శ్రమే ఈ మొత్తం కథలో అతి పెద్ద చందా. ప్రపంచ బ్యాంకు కంటే ముందు ఆ పేర్లు వేయాలని నేనంటాను.

2014లో పథకం ముగిసింది. ఇటువంటి పనులకు అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. తాత్కాలికంగా పెట్టుకున్నవాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ పాఠం మాత్రం అక్కడే ఉండిపోయింది. మందు మారుతుంది, టీకా మారుతుంది, సిలబస్ మారుతుంది. పశువైద్య మండలి 2016లో కొత్త సిలబస్ నియమాలు తెచ్చింది. పాఠానికి మరమ్మతు చేసే జీతగాడు మాత్రం ఎవరి పద్దులోనూ లేడు. కొంతకాలానికి పిల్లలు సైటు తెరవడం మాని, ఎవరో పీడీఎఫ్‌లుగా దించి పెట్టిన కాపీల మీద పడ్డారు. సీనియరు నుంచి జూనియరుకు, గ్రూపు నుంచి గ్రూపుకు. గన్నవరం హాస్టల్లో ఈ రోజు చదువుతున్నది ఎక్కువగా ఆ కాపీలే. వాటిలో కదిలే బొమ్మలు లేవు, దిద్దుబాట్లు లేవు. మూలంలో ఎప్పుడో సవరించిన తప్పు కూడా కాపీలో బతికే ఉంటుంది. అయినా బతికింది అదే. కోట్ల పథకాన్ని చివరికి నిలబెట్టింది విద్యార్థుల వాట్సాప్.

ఇలాంటి ప్రయత్నం లండన్లోనూ జరిగింది, కాకపోతే దారి వేరు. అక్కడి రాయల్ వెటర్నరీ కాలేజీ ఇంచుమించు అదే కాలంలో వికీవెట్ అనే ఆన్‌లైన్ పశువైద్య విజ్ఞానకోశాన్ని మొదలుపెట్టింది. కేంబ్రిడ్జి, ఎడిన్‌బరో కళాశాలలు జత కలిశాయి. మొదటి డబ్బు ఉన్నత విద్య కోసం ఉన్న జాతీయ సంస్థలది: హయ్యర్ ఎడ్యుకేషన్ అకాడమీ, జిస్క్. రాసింది చాలామటుకు విద్యార్థులే, వేసవి సెలవుల్లో. నిపుణులు దిద్దేవారు. మన దగ్గర మాస్టారు రాశాడు, అక్కడ శిష్యుడు రాశాడు. పరీక్షకు కూర్చోబోయేవాడికి ఏది అర్థం కాదో పరీక్షకు కూర్చోబోయేవాడికే తెలుసు కాబట్టి ఆ పద్ధతిలో ఒక తెలివి ఉంది. గ్రాంటు ఎన్నాళ్లు ఉంటుంది? అది తగ్గాక పుస్తక ప్రచురణకర్తలు, పశువుల మందుల కంపెనీలు వంటి ప్రాయోజకులను వెతుక్కోవలసి వచ్చింది.

మందుల కంపెనీ అనగానే మనం ముఖం చిట్లిస్తాం. నిజానికి ప్రపంచమంతా వాడే ఉచిత పశువైద్య గ్రంథం ఒకటి మందుల కంపెనీదే. మెర్క్ వెటర్నరీ మాన్యువల్ మొదటిసారి అచ్చయింది 1955లో, అంటే తిరుపతి కళాశాల పుట్టిన ఏడే. అమెరికా, కెనడాల బయట దాన్ని ఎంఎస్‌డీ మాన్యువల్ అంటారు. లాభం కోసం కాదని కంపెనీ చెప్పుకుంటుంది. ఇప్పుడు మొత్తం ఆన్‌లైన్లో ఉచితం. అవనిగడ్డలో కూర్చుని ఫోన్లో తెరిస్తే తెరుచుకుంటుంది. పేరున్న నిపుణులు రాస్తారు, మందు పేర్లు శాస్త్రీయ నామాలతోనే ఉంటాయి. అరవై ఏళ్లకు పైగా ఒకే జేబు తెరిచి ఉంచినందువల్ల, మధ్యలో పథకం ముగిసిందని అది ఆగలేదు. సర్కారు పథకానికి అయిదేళ్లో ఎనిమిదేళ్లో ఆయుష్షు, వ్యాపారికి తన పేరు నిలిచినంత కాలం ఆయుష్షు. ఈ తేడా మింగుడుపడదు గాని, ఉన్నమాట.

అలాగని కంపెనీ పుస్తకంలో అన్నీ ఉంటాయనుకోకూడదు. మందుతో నయమయ్యే జబ్బుకు అక్కడ చోటెక్కువ. మందు కంటే మేత, మురుగు, పాక గాలి ముఖ్యమైన జబ్బుకు చోటు తక్కువ. ఇది దురుద్దేశం వల్ల అయ్యేది కాదు. మందు వేసే డాక్టరు దృష్టితో రాసిన పుస్తకం అలాగే ఉంటుంది. మన ఊళ్లలో దాణా కంపెనీ వేసే క్యాలెండరులోనూ, పశువుల శిబిరం దగ్గర కట్టే బ్యానరులోనూ అదే తీరు. ఈనిన గేదెకు కాల్షియం పట్టించమంటారు. పచ్చిమేతగా జనుమో పిల్లిపెసరో ఎప్పుడు చల్లుకోవాలో ఆ క్యాలెండరు చెప్పదు. జనుము విత్తనం అమ్మేవాడు క్యాలెండరు వేయించడు మరి.

2017లో మళ్లీ ప్రపంచ బ్యాంకు, మళ్లీ వ్యవసాయ విద్య. ఈసారి పథకం పేరు జాతీయ వ్యవసాయ ఉన్నత విద్యా ప్రాజెక్టు. పదహారున్నర కోట్ల డాలర్లు, బ్యాంకూ ప్రభుత్వమూ చెరి సగం. వెనకటి పథకంలో అయిదింట నాలుగు వంతులు అప్పు, ఇప్పుడు సగమే. విశ్వవిద్యాలయాల కంప్యూటరు వ్యవస్థలు, వర్చువల్ తరగతులు దీనిలోకి వచ్చాయి. తెలుగువాళ్లకు ఇందులో పట్టుకోదగ్గ చిరునామా ఒకటుంది. 2020 ఆగస్టు 11న హైదరాబాదులోని నార్మ్‌లో (జాతీయ వ్యవసాయ పరిశోధన యాజమాన్య అకాడమీ) కృషి మేఘ్ అనే సమాచార పునరుద్ధరణ కేంద్రాన్ని ప్రారంభించారు. ఢిల్లీ సర్వర్లకు భూకంపమో మంటో మరేదో ఆపద వస్తే, ఐసీఏఆర్ సమాచారానికి మరో కాపీ రాజేంద్రనగర్లో ఉంటుంది. ఉప్పెన చూసిన దివిసీమ మనిషికి ఈ ఏర్పాటు విలువ వేరే చెప్పనక్కర్లేదు. పాఠం పోకుండా దాచుకోవడానికి డబ్బు దొరికింది. పాఠాన్ని కొత్తగా ఉంచడానికి ఇంకా దొరకాల్సే ఉంది.

ఇక అసలు పేచీ. ఇంతవరకు చెప్పినవాటిలో పాఠాల మీద పెట్టిన ప్రతి రూపాయీ, ప్రతి డాలరూ, ప్రతి పౌండూ ఇంగ్లీషు పాఠానికే ఖర్చయింది. డిగ్రీ పిల్లవాడికి ఇంగ్లీషు ఇబ్బంది కాదు. అతడికి కావలసిందీ అదే. కాని గేదె పక్కన నిలబడేది అతనొక్కడే కాదు. 1984 నాటి పశువైద్య మండలి చట్టం ప్రకారం డిగ్రీ పట్టా, రిజిస్ట్రేషను ఉన్నవాడే డాక్టరు. టీకా, కట్టు, ప్రథమ చికిత్స వంటి చిన్న సేవలు అతని పర్యవేక్షణలో పారావెట్ చేయవచ్చు. మన దగ్గర గోపాలమిత్రలు, 2019లో గ్రామ సచివాలయాలతో వచ్చిన పశుసంవర్ధక సహాయకులు ఈ రెండో వరసలో ఉన్నారు. కట్ట మీద నడిచి ఇంటింటికీ వెళ్లేది వీళ్లే. లండన్ విజ్ఞానకోశం తలుపు తెరవాలంటే ఒకప్పుడు పశువైద్యుడో విద్యార్థో అని రుజువు చూపాల్సి ఉండేది. తనువాస్ పాఠం తెరిచే ఉంది గాని, వీళ్ల చదువుకు అందే భాషలో లేదు.

ఒక జబ్బు తీసుకుని చూద్దాం, ఇది డెల్టా జబ్బు. కార్జపు జలగ. గేదె పేడలోంచి జలగ గుడ్లు నీళ్లలో పడతాయి. గుడ్డు పగిలి పిల్ల ఈదుకుంటూ పోయి కాలువలోని ఒక జాతి నత్తలో దూరుతుంది. నత్త కడుపులో ఒకటి వందలుగా పెరిగి, బయటికొచ్చి, నీటి అంచున ఉన్న గడ్డి పరకకూ వరి దుబ్బుకూ అంటుకుని గూడు కట్టుకుంటుంది. ఆ గడ్డి మేసిన గొడ్డు కార్జంలోకి చేరుతుంది. కొన్ని నెలలకు గొడ్డు చిక్కిపోతుంది, పాలు తగ్గుతాయి, కనురెప్ప లోపల తెల్లబారుతుంది, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. ఆక్సీక్లోజనైడ్, ట్రైక్లాబెండజోల్ వంటి మందులున్నాయి. మందు పట్టించి మళ్లీ అదే బోదె గట్టున మేపితే మళ్లీ అదే కథ. బోదె, మురుగుకాలువ, నత్త, వరికోత తరవాత మేపు — ఈ నాలుగూ ఉన్న దివిసీమకు ఇంతకంటే దగ్గరి పాఠం లేదు.

ఈ పాఠం ఆ నోట్సులో ఉంది, చాలా బాగా ఉంది. నత్త లాటిన్ పేరు ఉంది, జలగ దశలు బొమ్మలతో ఉన్నాయి. కోడూరు మండలంలో ఏ నెలలో కాలువ కట్టేస్తారు, కోత ఎప్పుడు, కోశాక చేలోకి గొడ్లను ఎప్పుడు వదులుతారు, మినుము చల్లిన చేలో మేపు ఉండదు కాబట్టి గొడ్లు ఎటు పోతాయి అన్నది అందులో ఉండదు. చెన్నైలో రాసినవాళ్లది తప్పు కాదు. దేశమంతటికీ రాసిన పాఠంలో కోడూరు పట్టదు. కోడూరుకు పట్టే పాఠానికి డబ్బు పెట్టే దాత ఎవరన్నదే ప్రశ్న. డాలర్లు ఇచ్చేవాడు దేశం మొత్తానికి లెక్క అడుగుతాడు, మండలానికి అడగడు. మందుల కంపెనీ మార్కెట్టు చూస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం వాహనం కొంటుంది, భవనం కడుతుంది, ఎందుకంటే అవి ఫోటోలో పడతాయి.

మన రాష్ట్రం ఏమీ చేయలేదని చెబితే అబద్ధమవుతుంది. 2020లో వచ్చిన రైతు భరోసా కేంద్రాలు, ఇప్పుడు రైతు సేవా కేంద్రాలు, ఊళ్లోకే వచ్చాయి. వాటికి తోడుగా 155251 నంబరుతో కాల్ సెంటరును గన్నవరంలోనే పెట్టారు. పశు విజ్ఞాన బడి పేరుతో పల్లెల్లో పాకల దగ్గరే పాఠాలు చెప్పించారు. 2022లో 1962 నంబరుతో పశువుల అంబులెన్సులు వచ్చాయి. ఇవన్నీ తెలుగులోవి. అప్పు తెచ్చిన ఇంగ్లీషు పాఠం కంటే రైతుకు దగ్గరగా వెళ్లినవి ఇవే అనాలి. ప్రభుత్వం మారితే బోర్డు మారుతుంది, బోర్డుతో పాటు లోపలి సరుకు కూడా మారుతుందేమోనన్న భయం మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడా గడువే శత్రువు. ప్రపంచ బ్యాంకుకు ముగింపు తేదీ, మనకు ఎన్నికల తేదీ.

మిగిలింది మూడో రకం సొమ్ము: చందా. ఈ ప్రాంతానికి అది కొత్త కాదు. మచిలీపట్నంలో, అంటే బందరులో, ఆంధ్ర జాతీయ కళాశాల 1910లో పుట్టింది చందాలతోనే. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య సర్కారు గ్రాంటు అక్కర్లేదని జనం దగ్గరకు వెళ్లారు. గ్రాంటుతో పాటు సర్కారు సిలబస్ కూడా వస్తుందని వాళ్లకు తెలుసు. అక్కడ చిత్రలేఖనం దగ్గర్నుంచి చేతిపనుల దాకా తమకు కావలసింది తాము నేర్పారు. కాన్సాస్ సంగతి మనకు అర్థం కావడానికి యాభై ఏళ్ల ముందే, డబ్బూ పాఠమూ ఒకే బండిలో వస్తాయని బందరు వాళ్లు గ్రహించారు. దానికి వాళ్లు చెల్లించిన మూల్యమూ తక్కువేం కాదు. హనుమంతరావు జీవితమంతా ఆ కళాశాల కోసం ఊరూరా తిరగడంలోనే కరిగిపోయింది.

కార్జపు జలగ పాఠాన్ని కోడూరు తెలుగులో, కోడూరు కాలువల లెక్కతో చేయడానికి కోట్లు అక్కర్లేదు. గన్నవరంలో పారాసైటాలజీ చెప్పే మాస్టారు ఒకరు, కట్ట మీద తిరిగే పశుసంవర్ధక సహాయకురాలు ఒకరు, మంచి కెమెరా ఉన్న ఫోను ఒకటి, కోత కాలంలో ఒకసారి, కాలువలు వదిలే కాలంలో మరోసారి చేసే ప్రయాణం చాలు. మూడిల్ ఇప్పటికీ ఉచితమే. ఖర్చయ్యేది ఆ ఇద్దరి సమయం. ఏటా మందు మారినప్పుడు ఒక పేరా మార్చడానికి మళ్లీ వాళ్ల సమయమే కావాలి. పాల సంఘం లీటరు మీద పైసల్లో పట్టుకునే సొమ్ములోంచి, పాలు పోసినవాడి అనుమతితో, అందుకు ఒక జీతం కట్టవచ్చు. పాఠం ఎలా ఉందో ఎక్కడెక్కడో కూర్చున్నవాళ్లకు నివేదిక రాసి పంపనక్కర్లేదు. పాలు పోయడానికి వచ్చినవాడే పొద్దున్నే కేంద్రం దగ్గర నిలదీస్తాడు: పోయినసారి చెప్పిన మందు మా గేదెకు పనిచేయలేదేం, అని.